పిల్లల నోటుపుస్తకం కనబడాలంటే: ఒక గణిత ఉపాధ్యాయురాలు ఆన్‌లైన్ బోధన నేర్చుకున్న క్రమం

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం బోధించే స్కూల్ అసిస్టెంట్ ఒకరు 2020-21 విద్యా సంవత్సరంలో ఆన్‌లైన్ బోధనకు కావలసిన సాధనాలను నేర్చుకున్న క్రమాన్ని ఈ కేస్ స్టడీలో నమోదు చేస్తున్నాను. గణిత రిసోర్స్ పర్సన్‌గా, అంటే తోటి గణిత ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చేవాడిగా, ఆ కాలమంతా ఎక్కువగా ఫోన్ ద్వారా, వీలైనప్పుడు నేరుగా ఆమెకు తోడుగా ఉన్నాను. ఆమె అనుమతితోనే రాస్తున్నాను కాబట్టి పేరు, ఊరు, పిల్లల వివరాలు ఇవ్వడం లేదు. ఇరవై ఏళ్లు దాటిన సర్వీసు, పదో తరగతి గణితం మీద గట్టి పట్టు, బోర్డు పనిలో తోటి ఉపాధ్యాయులందరూ మెచ్చుకునే నేర్పు ఉన్న టీచరు ఆమె. సెల్‌ఫోన్‌ను మాత్రం మాట్లాడటానికి, వాట్సాప్‌లో వచ్చే సర్క్యులర్లు చదవడానికి తప్ప మరి దేనికీ వాడి ఎరుగరు. ఇలాంటి ఉపాధ్యాయులు మన బడుల్లో ఎంతోమంది ఉన్నారు. వారికి శిక్షణ ఇచ్చే బాధ్యతలో ఉన్నవారికి అక్కరకు వస్తుందన్న నమ్మకంతో ఈ కేసును కొంత విస్తారంగానే రాస్తున్నాను.

ఇందులో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఒకటుంది. ఉపాధ్యాయులకు సాంకేతిక సాధనాలు నేర్పేటప్పుడు ఫలానా యాప్‌లో ఏమేమి బటన్లు ఉన్నాయన్న దగ్గర మొదలుపెడితే ఆ శిక్షణ నిలవదు. బడి మూతపడటం వల్ల ఆ ఉపాధ్యాయుని పనిలో ఏ భాగం పోయిందో ముందు తేల్చుకుని, దాన్ని తిరిగి తెచ్చే సాధనాన్ని ఒక్కొక్కటిగా చేతికిస్తే నిలుస్తుంది. ఈ టీచరు విషయంలో పోయింది పాఠం చెప్పే అవకాశం కాదు, పిల్లల నోటుపుస్తకాన్ని చూసే అవకాశం. ఆ సంగతి స్పష్టమయ్యాకే మిగతా దారి తెరుచుకుంది.

అప్పటి పరిస్థితి

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది పదో తరగతి పరీక్షలు జూన్‌లో రద్దయ్యాయి. కొత్త విద్యా సంవత్సరంలో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు 2020 సెప్టెంబరు 1 నుంచి టీశాట్ (రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానెల్), దూరదర్శన్ యాదగిరి ఛానెళ్ల ద్వారా పాఠాలు ప్రసారం కావడం మొదలైంది. పిల్లలు పాఠం చూశారో లేదో తెలుసుకోవడం, సందేహాలు తీర్చడం, వర్క్‌షీట్లు చేయించడం ఉపాధ్యాయుల వంతు. ఆ ఏడాది గ్రామీణ భారతంలో పిల్లల చదువుల మీద జరిగిన అసర్ సర్వే ప్రకారం, బడిలో నమోదైన పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం కాగా 2020 నాటికి 61.8 శాతానికి చేరాయి. అంకె చూస్తే ఆశాజనకంగా ఉంటుంది. అయితే ఇంట్లో ఫోన్ ఉండటం వేరు, పాఠం వేళకు అది పిల్లల చేతిలో ఉండటం వేరు. ఈ ఊళ్లో చాలా ఇళ్లలో ఒకటే ఫోన్, అది తండ్రితోపాటు పొద్దున్నే పనికి వెళ్లిపోతుంది. పత్తి ఏరే రోజుల్లో పిల్లలు కూడా చేలకు వెళ్తారు.

నేను కలిసేనాటికే ఆ టీచరు ఒక ఆన్‌లైన్ శిక్షణకు హాజరై ఉన్నారు. వందలాది ఉపాధ్యాయులు ఒకేసారి చేరిన ఆ సమావేశంలో వక్త తన తెర మీద ఒకదాని వెంట ఒకటిగా అనేక యాప్‌లు చూపించారు. ఆమె ప్రతి యాప్ పేరునూ డైరీలో గుండ్రని అక్షరాలతో రాసుకున్నారు. ఒక్కదాన్నీ తెరవలేదు. ఏదైనా నొక్కితే ఫోన్‌లో ఉన్నవి పోతాయేమోనన్న భయం ఒక కారణం. ఇంజనీరింగ్ చదువుతున్న కూతురు ఫోన్ తీసుకుని క్షణంలో పని ముగించి తిరిగి ఇచ్చేయడం ఇంకో కారణం. పని అయిపోయేది గాని ఆమెకు వచ్చేది కాదు.

మా తొలి సంభాషణలో యాప్‌ల ప్రస్తావన నేను తేలేదు. టీవీ పాఠాలు మొదలయ్యాక ఏం ఇబ్బందిగా ఉందని మాత్రమే అడిగాను. "సార్, టీవీల పాఠం మంచిగనే చెప్తున్నరు. చూసిన్రా అంటే చూసినం మేడమ్ అంటున్నరు, నేను రిజిస్టర్ల రాసుకుంటున్న. కానీ లెక్కల ఎక్కడ ఆగిపోతున్నరో నాకు తెలుస్తలేదు" అన్నారు. ఇంతకన్నా కచ్చితమైన సమస్యా ప్రకటనను నేను ఏ శిక్షణ పత్రంలోనూ చదవలేదు. తరగతి గదిలో ఆమె పద్ధతి నాకు తెలుసు. లెక్క ఇచ్చాక బల్లల మధ్య నడుస్తారు. ఎవరి పెన్సిల్ ఎన్నో వరుస దగ్గర ఆగిందో చూస్తారు. ఇద్దరు ముగ్గురు ఒకే చోట తడబడితే బోర్డు దగ్గరికి వెళ్లి ఆ ఒక్క మెట్టునే మళ్లీ చెబుతారు. ఆమె బోధనలో సగం బలం ఆ నడకలో ఉంది. అమెరికన్ విద్యావేత్త లీ షుల్మన్ 1986లో ప్రతిపాదించిన ఆలోచన ప్రకారం, విషయం తెలియడం, బోధించడం తెలియడం అన్న రెండింటికి తోడు, ఆ విషయాన్ని బోధించడంలో పిల్లలు ఎక్కడ ఎలా పొరబడతారో తెలియడం ఉపాధ్యాయుని ప్రత్యేక జ్ఞానం. పుణ్య మిశ్రా, మాథ్యూ కోహ్లర్ 2006లో దానికి సాంకేతికతను జోడించి, విషయం, బోధన, సాంకేతికత మూడూ కలిసే చోటే ఉపయోగకరమైన జ్ఞానం పుడుతుందని వివరించారు. ఈ టీచరుకు మొదటి రెండూ పుష్కలంగా ఉన్నాయి. మూడోదాన్ని వాటికి ఎక్కడ అతికించాలన్నదే ప్రశ్న.

మొదట నేర్పింది స్క్రీన్‌షాట్

ఫోన్‌లో మార్గదర్శనం చేసేటప్పుడు అవతలివారి తెర మీద ఏముందో మనకు కనబడదు. "ఇప్పుడు మూడు చుక్కలు కనిపిస్తున్నాయా?" "ఏవో కనిపిస్తున్నాయి సార్" అన్న మాటలతోనే అరగంట గడిచిపోతుంది, ఇద్దరికీ విసుగు మిగులుతుంది. అందువల్ల అన్నింటికన్నా ముందు స్క్రీన్‌షాట్ తీయడం, దాన్ని నాకు వాట్సాప్‌లో పంపడం నేర్పాను. సాయం అడగగలిగే సాధనం ముందు చేతికి వస్తే మిగతావి నేర్చుకోవడం సులభమవుతుంది. ఆమె పంపిన చిత్రం మీద నేను ఎర్ర గీతతో సున్నా చుట్టి తిరిగి పంపేవాణ్ణి. కొద్దికాలానికే నా జవాబు రాకముందే "దొరికింది సార్" అన్న సందేశం రావడం మొదలైంది. ప్రశ్న అడగడానికి తెరను నింపాదిగా చూడటమే సగం జవాబు ఇస్తోందని ఆమె గ్రహించారు.

దీనితోపాటు ఇంట్లో ఒక నియమం పెట్టుకోమని కోరాను. కూతురు పక్కన కూర్చుని నోటితో చెప్పవచ్చు గాని ఫోన్ ముట్టకూడదు. ఆ అమ్మాయి దీన్ని మనసారా ఒప్పుకుంది, చివరిదాకా పాటించింది. పెద్దవారికి నేర్పేటప్పుడు వేగం కోసం మనం ఫోన్ అందుకున్న ప్రతిసారీ నేర్చుకునే అవకాశాన్ని వారి చేతిలోంచి తీసుకుంటున్నామని ఈ పని చేసేవారందరూ గుర్తుంచుకోవాలి.

గ్రూపులోంచి బ్రాడ్‌కాస్ట్‌కు

నోటుపుస్తకం చూడాలంటే అతి సులువైన దారి ఫోటో. పదో తరగతికి వాట్సాప్ గ్రూపు అప్పటికే ఉంది. రోజూ ఒక లెక్క ఇచ్చి, చేసిన పేజీని ఫోటో తీసి గ్రూపులో పెట్టమని ఆమె అడిగారు. తరగతిలో ముందు వరుసలో ఉండే నలుగురైదుగురు పెట్టారు, మిగతావారు పెట్టలేదు. మళ్లీ అడిగితే ఆ నలుగురైదుగురి పేజీలను చూసి రాసిన నకళ్లు వచ్చాయి. అందులో తప్పులు కూడా అవే.

కారణం తెలుసుకోవడానికి ఆమె ఇళ్లకు ఫోన్ చేశారు. రెండు సంగతులు బయటపడ్డాయి. తప్పు చేసిన పేజీని తరగతి అందరి ముందు పెట్టడానికి పిల్లలు సిగ్గుపడుతున్నారు. తరగతి గదిలో తప్పు ఆమెకూ ఆ పిల్లవాడికీ మధ్యే ఉండేది, గ్రూపులో అది అందరిదీ అయిపోతోంది. రెండోది, గ్రూపులో చేరిన ప్రతివారి నంబరూ అందరికీ కనిపిస్తుంది కాబట్టి కొందరు ఆడపిల్లల తల్లిదండ్రులు అసలు గ్రూపులోనే ఉండనివ్వలేదు. వారి భయంలో న్యాయం ఉంది. బడి పేరు మీద ఏర్పాటైన గ్రూపులో పిల్లల నంబర్లు బయటపడకుండా చూడటం మన బాధ్యత.

ఈ రెండింటికీ వాట్సాప్‌లోనే పరిష్కారం ఉంది. బ్రాడ్‌కాస్ట్ జాబితా తయారుచేసి అందులోంచి సందేశం పంపితే అది ప్రతి ఒక్కరికీ విడిగా చేరుతుంది, జవాబు కూడా విడిగా పంపినవారికే వస్తుంది, ఒకరి నంబరు మరొకరికి తెలియదు. ఒక షరతు ఉంది. అవతలివారి ఫోన్‌లో పంపేవారి నంబరు సేవ్ అయి ఉండాలి, లేకపోతే సందేశం అందదు. ఆమె ఇంటింటికీ ఫోన్ చేసి, తల్లిదండ్రులు ఫోన్ పక్కన పెట్టకముందే నంబరు సేవ్ చేయించారు. ఆ ఫోన్లలోనే ఇంకో ప్రయోజనం కలిగింది. ఒక తండ్రి "మేడమ్, ఫోన్ నాతోనే ఉంటది, రాత్రి ఎనిమిదింటికి పోరనికిస్త" అన్నారు. అదే మాట అటూ ఇటూగా చాలామంది అన్నారు. ఆ రోజు నుంచి ఆమె లెక్కను సాయంత్రం పంపడం, జవాబులను మరునాడు పొద్దున చూడటం మొదలుపెట్టారు. టైంటేబుల్‌ను ఊరి పనివేళలు నిర్ణయించాయి.

బ్రాడ్‌కాస్ట్ మొదలైన వారంలోనే, గ్రూపులో ఒక్కసారి కూడా పేజీ పెట్టని పిల్లల నుంచి ఫోటోలు వచ్చాయి. కొట్టివేతలు, చెరిపిన గుర్తులు, మధ్యలో వదిలేసిన లెక్కలు యథాతథంగా ఉన్న పేజీలు అవి. ఆమెకు కావలసింది అచ్చంగా అవే.

పని పెరిగింది, ఆ మాట దాచకూడదు. ముప్పైకి పైగా ఫోటోలు తెరిచి, తిప్పి, పెద్దది చేసి చూడటానికి గంటలు పట్టేది. ఫోన్ మెమరీ నిండిపోయేది. మీడియా దానంతటదే డౌన్‌లోడ్ కాకుండా సెట్టింగు మార్చడం, చూసిన ఫోటోలు తొలగించడం ఆ అవసరం తరుముతుంటేనే నేర్చుకున్నారు. జవాబులు టైప్ చేయడం ఆమెకు నెమ్మదిగా సాగేది. అందుకని ఫోటో మీదే వాట్సాప్ పెన్సిల్‌తో తప్పిన వరుస దగ్గర ఒక గీత గీసి, దానికింద వాయిస్ మెసేజ్ పెట్టడం అలవాటు చేశాం. ఆమె గొంతు విన్న పిల్లల స్పందన వెంటనే మారింది. "ఈ మూడో లైన్ ఎట్ల వచ్చిందో నాకు చెప్పు బిడ్డా" అని ఆమె అడిగితే పిల్లలు కూడా గొంతుతోనే జవాబిచ్చేవారు. నకలు కొట్టిన లెక్క ఆ ఒక్క ప్రశ్నతో తెలిసిపోయేది. పైగా నకలు కొట్టిన పిల్లవాడు ఆ వరుసను వివరించడానికి ప్రయత్నిస్తూనే నేర్చుకునేవాడు. నా అభిప్రాయంలో ఈ కేసు మొత్తంలో అత్యంత ఫలవంతమైన సాధనం ఈ వాయిస్ మెసేజే, దీన్ని నేర్పడానికి మాకు పట్టింది కొద్ది నిమిషాలు.

నేరుగా క్లాసు: కెమెరా ఎటు చూడాలి?

ఫోటోల ద్వారా ఎక్కడ పొరబడుతున్నారో తెలిశాక, అందరికీ ఉమ్మడిగా ఉన్న సందేహాలను నేరుగా చెప్పాలని ఆమెకే అనిపించింది. వారానికి రెండు రాత్రులు గూగుల్ మీట్‌లో క్లాసు పెట్టాలని నిశ్చయించుకున్నాం. అప్పట్లో జూమ్ ఉచిత ఖాతాలో సమావేశం 40 నిమిషాలకు ముగిసిపోయేది, మీట్‌లో అప్పుడు ఆ ఇబ్బంది లేదు. అంతకుమించి పోల్చి చూడటానికి మేం సమయం పెట్టలేదు.

ఆమె మొదటి ఆలోచన ఇంటి గోడకు చిన్న బోర్డు తగిలించి ఎదురుగా ఫోన్ పెట్టుకోవడం. ప్రయోగాత్మకంగా అలా చేసి, ఆమె ఇంకో ఫోన్‌తో విద్యార్థిగా చేరి చూశారు. చిన్న తెర మీద బోర్డు అక్షరాలు చదవడానికి వీలుకాలేదు, బోర్డు మీద ట్యూబ్‌లైటు మెరుపు పడింది. ఎవరికైనా మీట్ నేర్పితే ఈ రెండో ఫోన్ పద్ధతి తప్పనిసరిగా చేయించాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. పిల్లల తెర మీద తన పాఠం ఎలా కనిపిస్తోందో టీచరు కళ్లారా చూస్తే, మిగతా దిద్దుబాట్లు ఆమే చేసుకుంటారు.

ఆ తర్వాత కుదిరిన ఏర్పాటు ఇది. బల్ల మీద అటూ ఇటూ పాత పాఠ్యపుస్తకాలను అడుగుకు పైగా ఎత్తు పేర్చి, వాటి మీద రెండు చెక్క స్కేళ్లు కొంచెం ఎడంగా అడ్డం పెట్టారు. ఫోన్‌ను తెర పైకి ఉండేలా ఆ స్కేళ్ల మీద పరిచి, వెనక కెమెరా సందులోంచి కిందికి చూసేలా సర్దారు. మీట్‌లో ముందు కెమెరా నుంచి వెనక కెమెరాకు మారడం నేర్చుకున్నారు. కింద తెల్ల కాగితం. బాల్‌పెన్ గీతలు నెట్ నెమ్మదించినప్పుడు చెదిరిపోతున్నాయి, పెన్సిల్ అసలు కనబడటం లేదు, అందువల్ల నల్ల స్కెచ్ పెన్. పేజీకి నాలుగైదు వరుసలకు మించి రాయకూడదు. కుడిచేత్తో రాస్తారు కాబట్టి దీపం ఎడమవైపు ఉండాలి, లేకపోతే చేతి నీడ సరిగ్గా రాసే అంకె మీదే పడుతుంది. గదిలో ఫ్యాన్ ఆపి, మైకు ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టుకోవాలి. ముఖం కనిపించకపోతే పిల్లలు వింటారా అని ఆమె సందేహించారు. క్లాసు మొదట్లో రెండు నిమిషాలు ముఖం చూపించి పలకరించి, ఆ తర్వాత కెమెరా మార్చేవారు. రాసే చెయ్యి కనిపిస్తూ గొంతు వినిపిస్తుంటే చాలని అనుభవంలో తేలింది.

పిల్లలతో క్లాసుకు ముందు అదే బడిలోని తోటి ఉపాధ్యాయులు ఇద్దరు విద్యార్థులుగా చేరి సాధన చేయించారు. ఒకరు కావాలనే మైకు తెరిచి ఉంచారు, ఇంకొకరు మధ్యలో బయటికి వెళ్లి మళ్లీ చేరారు. పిల్లల ముందు ఎదురయ్యే కలవరాన్ని ఇలా తోటివారి ముందే దాటడం వల్ల ఆమె అసలు క్లాసులో ఎక్కడా తొట్రుపడలేదు. ఈ సాధన విలువను ఎంత చెప్పినా తక్కువే.

హాజరు ఎప్పుడూ పూర్తిగా లేదు. సగం మంది చేరిన రోజు మంచి రోజు. డేటా రోజువారీ పరిమితి రాత్రికి అయిపోయేది. అందుకని క్లాసులో చెప్పిన ఒక్క ముఖ్యమైన మెట్టును నాలుగైదు నిమిషాల వీడియోగా విడిగా తీసి బ్రాడ్‌కాస్ట్‌లో పంపేవారు. అప్పట్లో వాట్సాప్‌లో వీడియోకు 16 ఎంబీ హద్దు ఉండేది, ఆ హద్దు వల్ల పాఠాన్ని కుదించి చెప్పే నేర్పు ఆమెకు అబ్బింది.

తప్పును పట్టే ప్రశ్నపత్రం

ఆన్‌లైన్‌లో ప్రశ్నపత్రాలు తయారుచేసే గూగుల్ ఫారమ్స్ దగ్గరికి వచ్చేసరికి ఆమె నాకన్నా ముందుకు వెళ్లారు. బహుళైచ్ఛిక ప్రశ్నలతో క్విజ్ పెట్టి మార్కులు చూపించడం వరకు నేను నేర్పాను. అయితే మార్కులు ఆమెకు పెద్దగా పనికిరాలేదు, తప్పు ఎందుకు వచ్చిందో కావాలి. రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత అధ్యాయంలో ఆమె తయారుచేసిన ఒక ప్రశ్నను ఇక్కడ పూర్తిగా చూపించడం అవసరం.

2ఎక్స్ + 3వై = 12, 2ఎక్స్ − వై = 4 అన్న జతను చరరాశిని తొలగించే పద్ధతిలో సాధించాలి. మొదటి సమీకరణంలోంచి రెండోది తీసివేస్తే 3వై లోంచి రుణ వైని తీసివేయాలి, 4వై = 8 వస్తుంది, వై = 2, ఎక్స్ = 3. పిల్లలు చేసే ప్రధానమైన తప్పు గుర్తు మార్చకపోవడం. అప్పుడు 2వై = 8 అని రాసి వై = 4 అంటారు. ఆ విలువను మొదటి సమీకరణంలో ప్రతిక్షేపిస్తే ఎక్స్ = 0 వస్తుంది, రెండోదాంట్లో ప్రతిక్షేపిస్తే ఎక్స్ = 4 వస్తుంది. ఆమె ఇచ్చిన నాలుగు ఎంపికలు (3, 2), (0, 4), (4, 4), (2, 3). ఒక్కటి కూడా ఊరికే పెట్టింది కాదు. (0, 4) ఎంచుకున్నవారు గుర్తు తప్పి, మొదటి సమీకరణంలో ప్రతిక్షేపించి, రెండోదాంట్లో సరిచూసుకోనివారు. (4, 4) ఎంచుకున్నవారు అదే తప్పు చేసి రెండో సమీకరణాన్ని వాడినవారు. (2, 3) ఎంచుకున్నవారికి లెక్క వచ్చి ఉండవచ్చు, క్రమయుగ్మం రాసే వరుస రాలేదు. ఇన్నేళ్లుగా బల్లల మధ్య నడుస్తూ ఆమె చూసిన తప్పులే ఆ ఎంపికలుగా మారాయి. యాప్ ఆమెకు ఏమీ నేర్పలేదు, ఆమెకు తెలిసినదానికి చోటు ఇచ్చింది.

ఫారమ్స్‌లో ఎంచుకున్న జవాబును బట్టి వేర్వేరు విభాగాలకు పంపే సౌకర్యం ఉంటుందని చెప్పగానే ఆమె దాన్ని పట్టుకున్నారు. గుర్తు తప్పినవారికి "3వై − (−వై) ఎంత? నెమ్మదిగా చేయి" అన్న చిన్న ప్రశ్న వస్తుంది. క్రమం తప్పినవారికి వేరే సూచన వస్తుంది. సరిగ్గా చేసినవారు ముందుకు సాగుతారు. ఫలితాల పేజీలో వచ్చే వృత్తచిత్రం చూస్తే తరగతిలో ఎంతమంది ఎక్కడ ఆగారో ఒక్క చూపులో తెలుస్తుంది. గణిత చిహ్నాలను టైప్ చేయడం కష్టంగా ఉన్నచోట, ప్రశ్నను చేత్తో రాసి ఫోటో తీసి ఫారమ్‌లో చిత్రంగా చేర్చేవారు. చూడటానికి అచ్చుపత్రంలా ఉండదు గాని పిల్లలు తమ మేడమ్ చేతిరాతను ఇట్టే గుర్తుపడతారు, అది వారికి ఇష్టంగా కూడా ఉండేది.

చివరగా నేర్చుకున్నది రేఖలు, ఆకృతులు గీసి కదిలించి చూపే గణిత సాఫ్ట్‌వేర్ జియోజీబ్రా. రెండు రేఖల సమీకరణాలను ఇచ్చి, ఒక గుణకాన్ని స్లైడర్‌తో కదిలిస్తే రేఖ తిరుగుతూ వెళ్లి ఒక చోట రెండోదానికి సమాంతరమవుతుంది, ఖండన బిందువు మాయమవుతుంది. సంగత (సాధన ఉన్న), అసంగత (సాధన లేని) సమీకరణాల భేదాన్ని నిష్పత్తుల సూత్రంగా కంఠస్థం చేసే పిల్లలకు ఇది కళ్ల ముందు జరగడం పెద్ద మేలు. ఆమె స్క్రీన్ రికార్డర్‌తో ఈ కదలికను చిన్న వీడియోగా తీసి, మధ్యలో ఆపి "ఇప్పుడు ఏమవుతుందో చెప్పండి" అని అడిగి పంపారు. నిరూపక రేఖాగణితంలో కూడా వాడారు. సరూప త్రిభుజాల నిరూపణలకు మాత్రం ఏ సాధనమూ ఆమెకు తృప్తినివ్వలేదు. నిరూపణ మెట్టుమెట్టుగా పిల్లవాడి నోటి నుంచి రావాలి, దానికి ఎదురెదురుగా కూర్చోవాలి అన్నది ఆమె నిశ్చితాభిప్రాయం. నేనూ దానితో ఏకీభవిస్తాను.

ఫలితాలు, పరిమితులు

ఈ కేసులో బోర్డు పరీక్షల మార్కులను ఆధారంగా చూపడం సాధ్యం కాదు. తెలంగాణలో 2021 పదో తరగతి పరీక్షలు కూడా ఏప్రిల్‌లో రద్దయ్యాయి. ఆధారంగా తీసుకోగలిగింది 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులు తెరుచుకున్నాక ఆమె చూసిన నోటుపుస్తకాలు మాత్రమే. క్రమంగా ఫోటోలు పంపిన పిల్లలు రేఖీయ సమీకరణాలు, వర్గ సమీకరణాలు తడబాటు లేకుండా చేశారు. ముఖ్యంగా సాధన వచ్చాక దాన్ని రెండు సమీకరణాల్లోనూ సరిచూసే అలవాటు వారిలో నిలిచింది. టీవీ పాఠాలు మాత్రమే చూసిన పిల్లలకు ఆ అధ్యాయాలు మళ్లీ చెప్పవలసి వచ్చింది. ఇది ఒక్క తరగతిలో ఒక్క టీచరు గమనించిన సంగతి, పిల్లల ఇళ్ల పరిస్థితుల తేడా కూడా ఇందులో కలిసి ఉంది కాబట్టి దీని నుంచి పెద్ద నిర్ధారణలు చేయడం తగదు.

అసలు ఫోన్ లేని ఇళ్ల పిల్లలు ఉన్నారు, వలస వెళ్లిన కుటుంబాల పిల్లలు ఉన్నారు. పక్కింటి సహాధ్యాయితో జత చేయడం, లెక్కలను కాగితం మీద రాసి పంపించి వారాంతంలో తెప్పించుకోవడం వంటివి ఆమె చేశారు. కొందరి వరకే అవి చేరాయి. వలస వెళ్లినవారిలో ఇద్దరు ఫిబ్రవరిలో కూడా బడికి రాలేదు. ఉపాధ్యాయుని నేర్పు ఎంత పెరిగినా ఈ లోటును అది పూడ్చలేదు, అది ప్రభుత్వం పూడ్చవలసిన లోటు. ఆన్‌లైన్ బోధన విజయగాథలు రాసేటప్పుడు ఈ పిల్లలను లెక్కలోంచి తప్పించడం అన్యాయం.

బడి తెరిచాక ఆమె వదిలేసినవి, ఉంచుకున్నవి గమనించదగ్గవి. మీట్ క్లాసు మానేశారు. బ్రాడ్‌కాస్ట్ జాబితా ఉంచుకున్నారు, జ్వరం వచ్చి రాని పిల్లలకు ఆ రోజు లెక్క అందులో వెళ్తుంది. అధ్యాయం ముగిశాక తప్పును పట్టే ఫారమ్ ఇంకా పెడుతున్నారు, ఇప్పుడు ప్రశ్నలు తోటి గణిత ఉపాధ్యాయులతో పంచుకుంటున్నారు. 2022 జనవరిలో మళ్లీ బడులు మూతపడి పై తరగతులకు ఆన్‌లైన్ పాఠాలు మొదలైనప్పుడు పుస్తకాల దొంతరలు, స్కేళ్లు బల్ల మీదికి వచ్చాయి, నాకు ఫోన్ రాలేదు. అంతకన్నా మంచి కొలమానం నాకు దొరకలేదు. అప్పటి శిక్షణల్లో ఎంతో ప్రచారం పొందిన ఆన్‌లైన్ వైట్‌బోర్డు జామ్‌బోర్డ్‌ను గూగుల్ 2024 చివరితో నిలిపివేసింది. ఆ ఒక్క సాధనం మీదే బోధనను కట్టుకున్నవారు మళ్లీ మొదటికి వచ్చారు. ఆమె బల్ల మీది తెల్ల కాగితానికి, స్కెచ్ పెన్‌కు ఆ బెడద లేదు.

ఈ అనుభవం తర్వాత నేను నిర్వహించే శిక్షణల క్రమం మారింది. మొదటి గంటలో ఏ యాప్‌నూ తెరిపించను. మీ తరగతి గదిలో పిల్లల అవగాహన మీకు ఏ క్షణంలో, దేన్ని చూస్తే తెలుస్తుందో రాయమని అడుగుతాను. తెలుగు పండితులు పిల్లల ఉచ్చారణ వినడం గురించి రాస్తారు, భౌతికశాస్త్రం వారు విద్యుత్ వలయం కలిపేటప్పుడు చేతుల తడబాటు గురించి రాస్తారు, ప్రాథమిక తరగతుల వారు పలక మీద అక్షరం దిద్దే దిశ గురించి రాస్తారు. ఉచ్చారణకు వాయిస్ మెసేజ్ సరిపోతుంది, అక్షరం దిద్దే దిశకు ఫోటో పనికిరాదు, కొద్ది సెకన్ల వీడియో కావాలి. భౌతికశాస్త్ర ప్రయోగాలకు మేమింకా సరైన దారి వెతుకుతూనే ఉన్నాం. ఆ తర్వాత స్క్రీన్‌షాట్ నేర్పుతాను. ఒక విడతలో ఒక్క సాధనం, దానితో పిల్లలకు వెళ్లే ఒక్క అసలైన పని, వచ్చిన జవాబులను పట్టుకుని తర్వాతి సమావేశం. ప్రతి మండలంలో ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులు జట్టుగా ఏర్పడి ఒకరికొకరు విద్యార్థులుగా చేరి సాధన చేస్తున్నారు. ఆ జట్లలో గణితం వారికి మార్గదర్శనం చేస్తున్నవారిలో ఈ టీచరు ఒకరు. కొత్తగా చేరినవారి ఫోన్‌ను ఆమె ఎప్పుడూ తన చేతిలోకి తీసుకోరు.